పోగ్బాకు పెట్టిన 8.93 కోట్ల పౌండ్లు దండగేనా? నా లెక్క ఇది

ఫ్రెంచ్ ఫుట్‌బాల్ మిడ్‌ఫీల్డర్ పాల్ పోగ్బా మీద మీ ఇద్దరి గొడవ ఎక్కడ తెగడం లేదో అర్థమైంది. ఒకరేమో "నెలకో మ్యాచ్ ఆడేవాడి మీద మాంచెస్టర్ యునైటెడ్ 8.93 కోట్ల పౌండ్లు తగలేసింది, పోగ్బా అంత దండగ కొనుగోలు ఇంకోటి లేదు" అంటున్నారు. ఇంకొకరు "అంత ప్రతిభ ఉన్నవాణ్ని కోచ్‌లే పాడుచేశారు, ఫ్రాన్స్‌కి ఎలా ఆడాడో చూడలేదా" అంటున్నారు. ఎవరు కరెక్టో చెప్పమన్నారు కాబట్టి నాకు తెలిసినంతలో చెబుతాను. ఇరవై ఏళ్లుగా సాయంత్రాలు కుర్రాళ్లకు ఆట నేర్పుతున్నాను, అంతకంటే ఎక్కువ కాలంగా యునైటెడ్ అభిమానిని. పోగ్బా ఆడిన రోజుల్లో రాత్రి రెండింటికీ మూడింటికీ లేచి కూర్చున్నవాణ్ని. కాబట్టి ఇది నాకు పేపర్లో చదివిన విషయం కాదు.

ముందే నా తీర్పు చెప్పేస్తాను. యునైటెడ్‌కు ఆ డబ్బు గిట్టలేదు. కానీ దానికి మీరు చెబుతున్న కారణం, అంటే "మూడ్ ఉంటే ఆడతాడు, లేకపోతే లేదు" అన్నది, నేను ఒప్పుకోను. అతని ఆట పైకీ కిందకీ ఊగడానికి కారణాలున్నాయి. వాటిలో కొన్ని క్లబ్‌వి, కొన్ని ఆటవి, ఒకటి మాత్రం అచ్చంగా అతనిదే.

ఒక ఆటగాడికి నిలకడ లేదని అందరూ అనేటప్పుడు ముందు చూడాల్సింది ఏ రోజు బాగా ఆడాడు, ఏ రోజు ఆడలేదు అన్నది. 2018 ఏప్రిల్‌నే తీసుకోండి. 7వ తేదీ మాంచెస్టర్ సిటీ మైదానం ఎతిహాద్‌లో డెర్బీ, అంటే ఒకే ఊరి ప్రత్యర్థుల మ్యాచ్. ఆ రోజు గెలిస్తే సిటీ మన కళ్ల ముందే ఛాంపియన్ అయ్యేది. హాఫ్ టైమ్‌కి 2-0తో ముందుంది. మనకు రాత్రి పదికి మొదలైన మ్యాచ్, పదకొండు కొట్టేసరికి నేను టీవీ కట్టేద్దామనుకున్నాను. 53వ నిమిషంలో హెర్రెరా ఛాతీతో దింపిన బంతిని పోగ్బా గోల్‌లోకి నెట్టాడు. 55వ నిమిషంలో సాంచెజ్ లేపిన బంతికి తల ఆనించి ఇంకోటి కొట్టాడు. ఆ తర్వాత స్మాలింగ్ గోల్‌తో 3-2. సిటీ సంబరం వాయిదా పడింది.

సరిగ్గా ఎనిమిది రోజులకు, 15న, మన సొంత మైదానం ఓల్డ్ ట్రాఫర్డ్‌లో వెస్ట్ బ్రోమ్ మీద మ్యాచ్. పట్టికలో అట్టడుగున ఉన్న జట్టు. మనం 1-0తో ఓడాం, సిటీ ఆడకుండానే ఛాంపియన్ అయింది. పోగ్బాను కోచ్ మౌరినో గంట గడవకముందే బయటికి పిలిచేశాడు. అదే మైదానం కాదు గానీ అదే మనిషి, పక్కన అదే మటిచ్, అదే హెర్రెరా. ఇదిగో ఇక్కడే జనం "చూశారా, పెద్ద మ్యాచ్ అయితేనే ఒళ్లు వంచుతాడు" అనేస్తారు.

నాకు మాత్రం కనిపించింది వేరు. సిటీ ఆ రోజు 2-0తో ముందున్నా పైపైకే వచ్చింది, వాళ్ల డిఫెన్స్ ముందు బోలెడంత ఖాళీ. పోగ్బా కాళ్లకు కావలసింది ఆ ఖాళీయే. పొడుగు అంగలు, దూరం పాస్‌లు, ఆలస్యంగా బాక్సులోకి పరుగు, అన్నీ ఖాళీ ఉంటేనే పనికొస్తాయి. వెస్ట్ బ్రోమ్ పదిమందిని వెనక కూర్చోబెట్టింది. అక్కడ కావలసింది చిన్న పాస్, వెంటనే ఇంకో చిన్న పాస్, ఒక్క టచ్‌లో మలుపు. పోగ్బా బంతిని ఒకసారి ఆపి, రెండోసారి సర్దుకుని, మూడోసారి తల ఎత్తేవాడు. ఆ మూడో టచ్‌కి మీద ఇద్దరు పడేవాళ్లు. ఇది బద్ధకం కాదు. అతని ఆట తీరే అంత. ఇలాంటివాడు సిటీ మీద మెరిసి వెస్ట్ బ్రోమ్ మీద తేలిపోవడంలో ఆశ్చర్యం ఏమీ లేదు. పదహారేళ్ల కుర్రాళ్లలో కూడా నేను ఇదే చూస్తుంటాను.

ఇక రెండో కారణానికి వద్దాం, ఇది క్లబ్ నెత్తిన వేయాల్సింది. 2016 ఆగస్టులో యునైటెడ్ ఎవర్ని కొంది? నాలుగేళ్ల కిందట, 2012లో, తన దగ్గర నుంచే ఉచితంగా వెళ్లిపోయిన కుర్రాణ్ని. ఇటలీ క్లబ్ యువెంటస్‌లో అతను వరసగా నాలుగు లీగ్ టైటిళ్లు గెలిచాడు. కానీ ఎక్కడ ఆడి గెలిచాడు? ముగ్గురు మిడ్‌ఫీల్డర్లలో ఎడమవైపు వాడిగా. వెనక పిర్లో బంతి పంచేవాడు, కుడివైపు విడాల్ గానీ మార్కీసియో గానీ ఇద్దరి పని ఒక్కడే చేసేవాడు. పోగ్బా ముందుకెళ్లి బంతి పోగొట్టుకుంటే వెనక ఇద్దరున్నారు. ఆ ధైర్యంతోనే నాలుగుసార్లు ప్రయత్నించి మూడుసార్లు పోగొట్టుకుని, నాలుగోసారి ఇరవై ఐదు గజాల నుంచి గోల్ కొట్టేవాడు.

యునైటెడ్ ఏం చేసింది? ఆ ముగ్గురి ఏర్పాటును కొనలేదు, ఒక్క పోగ్బానే కొంది. చాలాసార్లు ఇద్దరు మిడ్‌ఫీల్డర్ల జంటలో ఒకడిగా నిలబెట్టింది. 2018 జనవరి 31న వెంబ్లీలో టోటెన్‌హామ్ మీద ఆట గుర్తుందా? మొదలైన పదకొండు సెకన్లకే ఎరిక్సన్ గోల్ కొట్టేశాడు. మటిచ్, పోగ్బా ఇద్దరే మధ్యలో. ఆ రోజు నేను పోగ్బా ఒక్కణ్నే చూస్తూ కూర్చున్నాను. బంతి మన దగ్గర ఉన్నప్పుడు అతని కళ్లు ముందున్న ఖాళీ మీద. బంతి పోయాక అతను తిరిగి చూసేసరికి టోటెన్‌హామ్ ఆటగాడు డెంబెలే తనను దాటిపోయి ఉండేవాడు. గంట దాటగానే అతన్ని బయటికి పిలిచేశారు, మ్యాచ్ 2-0తో పోయింది. ఆ తర్వాత నెలలో సెవియాలో ఛాంపియన్స్ లీగ్ మ్యాచ్‌కి బెంచ్ మీద కూర్చోబెట్టి కుర్రాడు మెక్‌టొమినేను దింపారు. ప్రపంచ రికార్డు ధర పెట్టి తెచ్చుకున్నవాణ్ని పద్దెనిమిది నెలలు తిరిగేసరికి ఎక్కడ ఆడించాలో తెలియక బెంచ్ మీద పెట్టడం కొనుగోలు శాఖ తప్పా, ఆటగాడి తప్పా, మీరే చెప్పండి.

ఫ్రాన్స్ సంగతి చూడండి. ఫ్రాన్స్ కోచ్‌గా దెషాంప్‌కి పోగ్బా మీద ప్రత్యేకమైన ప్రేమ ఉందని కాదు, పోగ్బా చుట్టూ ఎవరుండాలో అతనికి తెలుసు. పక్కన కాపలా కాసే మిడ్‌ఫీల్డర్ కాంటే. ఎడమవైపు వింగ్ మీద పేరుకు మటుయిడి, నిజానికి మూడో మిడ్‌ఫీల్డర్. 2018 ప్రపంచ కప్ ఫైనల్లో 59వ నిమిషం గోల్ నేను ఇప్పటికి ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. మన కుర్రాళ్లకు చూపించడానికి ఫోన్‌లో దాచుకున్నాను. పోగ్బా తన సగంలో బంతి అందుకుంటాడు. తల ఎత్తుతాడు. కుడివైపు అంచున పరిగెత్తుతున్న ఎంబాపే ముందుకి, డిఫెండర్ వీపు వెనక పడేలా, పొడుగు పాస్. చాలామంది మిడ్‌ఫీల్డర్లు అంతటితో ఆగి తమ పాస్‌ను చూసి మురిసిపోతారు. పోగ్బా అక్కడి నుంచి పరుగు మొదలుపెట్టాడు. ఎంబాపే లోపలికి కోసిన బంతి గ్రీజ్‌మన్ దగ్గరికి, అక్కడి నుంచి బాక్స్ అంచుకు చేరిన పోగ్బా దగ్గరికి. కుడికాలితో కొట్టాడు, డిఫెండర్‌కి తగిలి వెనక్కొచ్చింది. ఎడమకాలితో మళ్లీ కొట్టాడు. క్రొయేషియా గోల్‌కీపర్ సుబాసిచ్ కదల్లేదు. మొదలుపెట్టిందీ తనే, ముగించిందీ తనే. మధ్యలో అరవై గజాల పరుగు. మూడ్ మనిషి ఫైనల్లో ఆ పరుగు తీయడు.

అయితే ఇక్కడితో ఆపేస్తే మీలో రెండో పెద్దమనిషి గెలిచినట్టే. అలా ఒప్పుకోను. ఎందుకంటే 2021 జూన్ 28 ఉంది.

బుకారెస్ట్‌లో యూరో ప్రీక్వార్టర్స్, ఫ్రాన్స్, స్విట్జర్లాండ్. మనకు అర్ధరాత్రి పన్నెండున్నరకు మొదలైంది. 75వ నిమిషంలో పోగ్బా దూరం నుంచి వంపు తిప్పిన షాట్ పైమూలకు చేరింది. 3-1. అంత అందమైన గోల్ ఆ టోర్నీలో రెండో మూడో ఉంటాయంతే. ఆ తర్వాత స్విస్ ఒకటి తగ్గించింది, 3-2. ఇక 90వ నిమిషం. ఫ్రాన్స్ ముందుంది, కాలం గడిపితే చాలు, బంతి దగ్గర పెట్టుకుంటే చాలు. మైదానం నడిబొడ్డున పోగ్బా కాళ్ల దగ్గర బంతి. పక్కకి ఇవ్వొచ్చు, వెనక్కి ఇవ్వొచ్చు. అతను మలుపు తిరగబోయాడు. బంతి లాగేశారు. జాకా నుంచి గవ్రనోవిచ్‌కి ఒక్క పాస్, గోల్, 3-3. పెనాల్టీల్లో ఎంబాపే షాట్‌ను సొమెర్ ఆపాడు, ప్రపంచ ఛాంపియన్లు ఇంటికి.

ఆ రాత్రి పక్కన కాంటే ఉన్నాడు. మౌరినో లేడు. వెనక పదిమంది కూర్చున్న డిఫెన్స్ లేదు. ఇప్పటిదాకా నేను చెప్పిన కారణాల్లో ఒక్కటీ అక్కడ వర్తించదు. ఆ బంతి పోవడం అచ్చంగా పోగ్బాదే. బంతి పోగొట్టుకోవడం తప్పు కాదు, దాన్ని ఎక్కడ, ఏ నిమిషంలో పోగొట్టుకుంటున్నామన్న ఎరుక లేకపోవడం తప్పు. అతని కెరీర్ మొదటి నుంచి ఆ రోజు దాకా ఆ ఎరుక మాత్రం రాలేదు, ఏ కోచ్ నేర్పినా రాలేదు. నాకు అతని మీద ఎంత ఇష్టం ఉన్నా ఈ మాట మింగలేను.

మా గ్రౌండ్‌లో ఇలాంటి కుర్రాడే ఒకడు ఉండేవాడు, పదిహేనేళ్లవాడు. అంత చూపున్న పిల్లాణ్ని నేను తర్వాత చూడలేదు. తోటి కోచ్‌లు "వీడికి నిలకడ లేదు సార్, టీమ్‌లో నుంచి తీసేద్దాం" అన్నారు. నేను ఆరు మ్యాచ్‌ల పాటు చిన్న నోట్‌బుక్ పెట్టుకుని మైదానాన్ని మూడు ముక్కలు గీసుకుని, అతను బంతి పోగొట్టుకున్న ప్రతిసారీ ఎక్కడ పోయిందో చుక్క పెట్టాను. అన్ని మ్యాచ్‌లలోనూ చుక్కల సంఖ్య దాదాపు ఒకటే! మేం "బాగా ఆడాడు" అనుకున్న రోజు చుక్కలన్నీ అవతలి గోల్ వైపు ఉన్నాయి. "చెత్తగా ఆడాడు" అనుకున్న రోజు మధ్యలోనూ మన బాక్స్ ముందూ ఉన్నాయి. పిల్లాడు మారలేదు, నిలబడిన చోటు మారింది. ఒక పొడుగు కుర్రాణ్ని అతని వెనక పెట్టి, ఇతన్ని పది గజాలు ముందుకు జరిపాం. ఆ ఏడాది జిల్లా స్థాయిలో మా జట్టుకు గోల్స్ సగం అతని పాస్‌ల నుంచే వచ్చాయి.

అందుకే యునైటెడ్ మిడ్‌ఫీల్డర్ బ్రూనో ఫెర్నాండెస్‌ను చూపించి "చూడండి, నిలకడ అంటే ఇదీ" అనేవాళ్లకు నేనొకటి చెబుతుంటాను. 2020 జనవరిలో వచ్చిన దగ్గర నుంచి బ్రూనో బంతి పోగొట్టుకోవడంలో ఎవరికీ తీసిపోడు. ప్రతి మ్యాచ్‌లో అసాధ్యమైన పాస్‌లు నాలుగైదు ప్రయత్నిస్తాడు, ఎక్కువ పోతాయి. కానీ పోయేది అవతలి మూడో వంతులో. పోయిన వెంటనే వెనక పరిగెత్తి చొక్కా పట్టుకునేంత పని చేస్తాడు. అన్నిటికంటే ముఖ్యం, శనివారం వస్తే ఉంటాడు, బుధవారం వస్తే ఉంటాడు. బ్రూనోకీ పోగ్బాకీ మధ్య తేడా ప్రతిభలో లేదు, ఈ మూడింట్లో ఉంది.

ఇప్పుడు డబ్బు లెక్క. ఇది మీలో మొదటివారి బలమైన పాయింటు, కానీ వారు తప్పు చోట పట్టుకున్నారు. పోగ్బా ఆరు సీజన్లలో యునైటెడ్‌కు ఆడింది 226 మ్యాచ్‌లు, కొట్టింది 39 గోల్స్. ట్రాన్స్‌ఫర్ ధరను మాత్రమే మ్యాచ్‌లతో భాగిస్తే ఒక్కో మ్యాచ్‌కి దాదాపు 3.95 లక్షల పౌండ్లు, జీతం కాక. చివరికి 2022లో మళ్లీ ఉచితంగానే వెళ్లిపోయాడు, పైసా తిరిగి రాలేదు. ఒకే మనిషిని రెండుసార్లు ఊరికే వదులుకున్న క్లబ్ ఇంకోటి నాకు గుర్తు రావడం లేదు.

ఆ 226ను సీజన్ల వారీగా విడగొట్టండి: 51, 37, 47, 22, 42, 27. అసలు కథ ఇక్కడుంది. మొదటి మూడేళ్లలో 135, తర్వాతి మూడేళ్లలో 91. 2019-20లో చీలమండ గాయంతో ఏడాది ఇట్టే గడిచిపోయింది. మనం టీవీల ముందు వైఖరి గురించి, హెయిర్ స్టైల్ గురించి, ఇన్‌స్టాగ్రామ్ గురించి కొట్టుకున్నాం. క్లబ్‌కు నిజంగా నష్టం తెచ్చింది మైదానంలో లేని పోగ్బా. జుట్టు రంగు మీద వచ్చిన విమర్శలన్నీ నాకు మొదటి నుంచీ చికాకే. దానికీ పాస్‌కీ సంబంధం లేదు.

ఇంకో లెక్క కూడా పక్కన పెట్టుకోండి. అదే 2016 వేసవిలో చెల్సీ కాంటేను సుమారు 3.2 కోట్ల పౌండ్లకు తెచ్చుకుంది. ఆ సీజన్ చెల్సీ లీగ్ గెలిచింది, యునైటెడ్ ఆరో స్థానం. ఆరో స్థానమే అయినా ఆ ఏడాది యూరోపా లీగ్ ఫైనల్లో అయాక్స్ మీద మొదటి గోల్ పోగ్బాదేనన్నది కూడా మరిచిపోకండి. నేను చెప్పేదేమిటంటే, యునైటెడ్ ఆ వేసవిలో పోగ్బానూ, కాంటే లాంటివాణ్నీ కలిపి కొని ఉంటే 8.93 కోట్లు ఇవాళ ఎవరికీ గుర్తుండేవి కావు. పెద్ద బండి కొని చక్రాలకు డబ్బుల్లేవన్నట్టు చేశారు.

అతనికి స్వేచ్ఛ దొరికితే ఏం జరిగిందో కూడా చూశాం. 2018 డిసెంబర్ 18న మౌరినోను తీసేశారు, సోల్షేర్ కోచ్‌గా వచ్చాడు, పోగ్బాను ముందుకు వదిలాడు. హడర్స్‌ఫీల్డ్ మీద రెండు గోల్స్, నాలుగు రోజులకు బోర్న్‌మత్ మీద రెండు. ఆ సీజన్ లీగ్‌లో 13 గోల్స్, 9 అసిస్టులు (గోల్‌కి దారితీసిన పాస్‌లు). ఆ 13లో పెనాల్టీలు చాలానే ఉన్నాయి, అది దాచను. తోటి ఆటగాళ్లు ఓటేసిన ఆ ఏటి ఉత్తమ జట్టులో పదిమంది సిటీ, లివర్‌పూల్ వాళ్లే. బయటి నుంచి వచ్చినవాడు పోగ్బా ఒక్కడే. ఎదురుగా నిలబడి ఆడినవాళ్లకు అతని విలువ తెలుసు. కానీ అదే సీజన్ చివరి రోజు, అప్పటికే కింది డివిజన్‌కు పడిపోవడం ఖాయమైన కార్డిఫ్ చేతిలో ఓల్డ్ ట్రాఫర్డ్‌లోనే 2-0తో ఓడాం. జట్టంతా ఆరిపోయింది, అతనూ ఆరిపోయాడు.

2021-22 కూడా అదే తీరు. లీడ్స్ మీద 5-1, అతని ఒక్కడివే నాలుగు అసిస్టులు. మొదటి నాలుగు లీగ్ మ్యాచ్‌లలో ఏడు. సీజన్ మొత్తానికి చూస్తే తొమ్మిది. అక్టోబర్‌లో లివర్‌పూల్ మీద హాఫ్ టైమ్‌కి మైదానంలోకి దిగి పావుగంటకే కైటా మీద ఘోరమైన టాకిల్‌కి రెడ్ కార్డు తీసుకుని వెళ్లిపోయాడు, 0-5. ఆ టాకిల్‌ని ఏ ఏర్పాటూ, ఏ కోచూ మాఫీ చేయలేరు.

కాబట్టి మొదటివారికి నా జవాబు: దండగ అనండి, ఒప్పుకుంటాను, కానీ "ఆడే మనసు లేదు" అనకండి. రెండోవారికి: ఫ్రాన్స్‌ను చూపించండి, కానీ మాస్కోలో ఆ ప్రపంచ కప్ ఫైనల్ ఒక్కటే చూపించి బుకారెస్ట్‌ను దాచకండి. నన్ను విలువ కట్టమంటే, ముగ్గురి మిడ్‌ఫీల్డ్‌లో ఎడమవైపు, వెనక కాపలాదారు ఉండి, ఏడాదికి నలభై మ్యాచ్‌లు ఆడగలిగితే ఆ రోజుల్లో ప్రపంచంలో మొదటి ఐదుగురు మిడ్‌ఫీల్డర్లలో ఒకడు. ఇద్దరి జంటలో, తన గోల్ వైపు మొహం పెట్టి ఆడాలంటే, సగం ధరకు కూడా నేను తీసుకోను.

ఇంకా తేలకపోతే ఒక పని చేయండి. ఇద్దరూ కలిసి కూర్చుని ఆ స్విట్జర్లాండ్ మ్యాచ్‌ను 75 నుంచి 90 వరకు మళ్లీ పెట్టుకోండి. బంతిని చూడకండి, బంతి దగ్గర లేనప్పుడు పోగ్బా ఎక్కడ నిలబడుతున్నాడో మాత్రమే చూడండి. గోల్ కొట్టిన తర్వాత అతను ప్రతి రెండు నిమిషాలకూ ఇంకొంచెం ముందుకు జరుగుతుంటాడు. కాంటే వెనక నుంచి చెయ్యి ఊపుతుంటాడేమో కూడా గమనించండి, నాకు ఆ రాత్రి నిద్రమత్తులో సరిగ్గా కనబడలేదు.